పిల్లలున్న కొరమీను

తొలకరి పడగానే మా కోయ ఊళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పగలు దుక్కి, రాత్రి చేపలు. శబరి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, ఈ రెండూ నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. వాగులో ఎర్రనీళ్లు దిగితే చాలు, పరిగెలు, జెల్లలు, వాలుగలు నీటికి ఎదురెక్కి పొలాల్లోకి వస్తాయి. గుడ్లు పెట్టడానికి వాటికి కొత్తనీరు కావాలి. మా అయ్య మడవ దగ్గర మావు పెట్టేవాడు. ఊత పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నడిచేవాడు. వాగుకు అడ్డంగా దడి కట్టినా ఒక పక్క జానెడు సందు వదిలేవాడు. ఎందుకని అడిగితే, “అన్నీ మనకేనా?” అనేవాడు.

ఎదురెక్కే చేపలు గుడ్లు వదిలి తమ దారిన తాము పోతాయి. కొరమీను అట్లా కాదు. చెరువు అంచున, గడ్డి ఉన్న లోతు తక్కువ చోట ఆడా మగా కలిసి నాచు పక్కకు నెట్టి కాస్త జాగా చేసుకుంటాయి. గుడ్లు నీటిపైన తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. కొన్ని రోజులకు ఆ పిల్లలు కుంకుమ కలిపినట్టు ఎర్రగా, వేల సంఖ్యలో ఒకే గుంపుగా తిరుగుతాయి. కొరమీను పైకి వచ్చి గాలి పీల్చే జాతి. పిల్లలు కూడా గాలి కోసం గుంపుగా పైకి వస్తుంటే ఆ చోట నీళ్లు ఎసరు మరిగినట్టు కుతకుతలాడతాయి. వాటి కిందనే పెద్ద చేపలు కాపలా ఉంటాయి. పిల్లల ఎరుపు పోయి, తమంతట తాము తిరిగేదాకా దాదాపు నెలరోజులు ఈ కాపలా సాగుతుంది.

దాన్ని పట్టడం సులువు కావడానికి కారణం కూడా ఈ కాపలాయే. మామూలు రోజుల్లో కొరమీను కోసం గంటల తరబడి గట్టు మీద కూర్చోవాలి. ఈ నెలలో ఎర్రగుంపు ఎక్కడుందో చూసి, గాలానికి చిన్న కప్పను గుచ్చి గుంపు మధ్యలో ఆడిస్తే చాలు. నీళ్లు పగిలినట్టు వచ్చి పట్టేస్తుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి. ఒకటి దొరికాక అదే చోట మళ్లీ గాలం వేస్తే రెండోది కూడా దొరకవచ్చు.

ఆ తర్వాత జరిగేది ఎవరూ గట్టున నిలబడి చూడరు. కాపలా లేని గుంపు చెదిరిపోతుంది. జెల్లలు తింటాయి, పాములు తింటాయి, కొంగలు తింటాయి, వేరే కొరమీనులు కూడా తింటాయి. మన బుట్టలో పడింది ఒక్క చేపే, చెరువులో పోయింది వేల పిల్లలు. ఐదో తరగతి పిల్లలకు నేను దీన్ని లెక్కగా ఇస్తాను. వెయ్యి పిల్లల్లో వందకు రెండు బతికి పెద్దవైతే ఎన్ని చేపలు? ఇరవై. ఈ రోజు ఒకటా, వచ్చే ఏడు ఇరవయ్యా? పిల్లలు వెంటనే ఇరవై అంటారు. ఇంటికి పోయాక ఆ జవాబు అంత తేలిక కాదని నాకూ తెలుసు.

ఈ ప్రశ్న మన ఒక్కళ్లదే కాదు. అమెరికా, కెనడా చెరువుల్లో బాస్ అనే చేప ఉంది. వాళ్లకు అక్కడ వసంతకాలం గుడ్ల కాలం. మగ బాస్ తోకతో అడుగు ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగదే కాపలా ఉంటుంది. గూటి మీదికి ఎర వస్తే అదీ కొరమీనులాగే తరమడానికి దూకి గాలానికి చిక్కుతుంది. సరదాకు పట్టి తిరిగి వదిలినా, ఆ కాసేపట్లోనే చిన్నచేపలు వచ్చి గుడ్లు తినేస్తాయని అక్కడివాళ్లు పరిశీలించి చూశారు. అందుకే కొన్ని ప్రాంతాల్లో ఆ కాలానికి బాస్ పట్టడం నిషేధించారు. అక్కడ చేపలు పట్టడం చాలామందికి ఆట. మనకు మాత్రం కూర, అప్పు తీర్చే డబ్బు.

మూడేళ్ల కింద నా దగ్గర చదివిన కుర్రవాడు ఒకడు జోడు కొరమీనులు తీగకు గుచ్చుకుని పోతూ ఎదురయ్యాడు. బడిలో నేను సారును, బయట వరసకు మామను. “పిల్లలున్నవి కదరా, నెలరోజులు ఆగలేకపోయావా?” అన్నాను. “ఆగేవాణ్ణే మామా. నేను ఆగితే రేపు పక్క ఊరోడు పట్టుకుపోతాడు. సంతలో దీనికున్న రేటు ఏ చేపకూ లేదు. నాట్లదాకా ఇంట్లో గింజలు లేవు” అన్నాడు.

వాడి మాటలో అబద్ధం లేదు. కొరమీను గుడ్ల కాలమూ మన ఆకలి కాలమూ ఒకటే. ఒక్కడే ఆగితే ఆ ఒక్కడే నష్టపోతాడు. అందుకే ఇది మంచి పిల్లవాడికి చెప్పి ముగించే నీతి కాదు. ఊరంతా కలిసి ఆగాల్సిన పని.

కలిసి ఆగడం మనకు కొత్త కాదు. మామిడి కొత్త చేసేదాకా చెట్టు కింద రాలిన కాయనైనా నోట పెట్టం. చిక్కుడుకూ అంతే. విత్తనాల పండుగ కాకుండా దుక్కిలో గింజ చల్లం. ఆకలి లేక కాదు, అందరికీ ఒకటే గడువు ఉంది కాబట్టి ఆగగలుగుతున్నాం. పక్కింటివాడు ముందే కోసుకుంటాడన్న భయం లేదు. కాయ ముదిరేదాకా, గింజ నిలిచేదాకా చెట్టుకు ఇచ్చిన గడువు అది. చెరువుకు కూడా అలాంటి గడువు ఒకటి పెట్టుకోవచ్చు.

అందుకు అధికారం కూడా మన చేతిలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. నీటి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. విషంతో, పేలుడు మందుతో చేపలు చంపడం 1897 మత్స్య చట్టం నాటినుంచే నేరం. పిల్లలున్న కొరమీనును విడిచిపెట్టమని మాత్రం మనకు మనమే చెప్పుకోవాలి. పైనుంచి వచ్చే నిషేధం మన ఆకలిని చూడదు. మన గ్రామసభ చూడగలదు.

మా ఊరి పెద్దలతో, యువకులతో నేను అంటున్నది ఇంతే. ఎర్రగుంపు కనపడిన చోట కర్ర పాతుదాం. ఆ కర్ర ఉన్నన్నాళ్లు అక్కడ గాలం, దోమతెర వేయొద్దు. ఎదురెక్కే చేపలు పట్టుకుందాం, దడిలో సందు వదిలి. పిల్లల ఎరుపు పోయాక కర్ర పీకేద్దాం. గింజలు లేని ఇంటికి ఆ నెల ఊరు ఏం చేయాలో కూడా అదే సభలో మాట్లాడుకుందాం. ఆ మాట లేకుండా మొదటి మాట నిలవదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఎర్రగుంపు కనపడిన రోజు పిల్లల్ని చెరువుగట్టుకు తీసుకెళ్లండి. దూరంగా నిలబెట్టి చూపించండి. కర్ర ఎక్కడ పాతాలో వాళ్లనే చెప్పనివ్వండి. సాయంత్రం గాలంతో వచ్చే అన్నకో మామకో ఆ కర్ర ఎందుకో వాళ్లే చెబుతారు.