నాలుకకు తెలిసిన రుచులు

వైన్ సీసా మీద తరచూ కనిపించే బ్లాక్‌కరెంట్ మన హన్మకొండ బజారులో దొరకదు. అందుకే ఇంట్లో రుచి చూసేటప్పుడు నాకు తెలిసిన పేర్లే రాసుకుంటాను. నాసిక్ సావిన్యోన్ బ్లాంక్‌లో పచ్చి జామకాయ, అప్పుడే కోసిన గడ్డి. షిరాజ్‌లో నేరేడు, మిరియం, చివర నాలుకను పట్టేసే వగరు. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లది.

కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ 1984లో వైన్ వాసనలకు పదజాలం కూర్చి, చక్రంలా అమర్చారు. గొప్ప పని. మన చక్రంలో మాత్రం సీతాఫలం, ఈతపండు, చింతచిగురు ఉండాలి.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలంటారు. అది 16, 18 డిగ్రీల మాట. మన ఎండాకాలంలో కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, లేకపోతే ఆల్కహాల్ ఘాటే ముక్కుకు కొడుతుంది.

అయినా రుచి చూడటం మనకు కొత్త విద్యేం కాదు. తాటివనంలో రేక పట్టి కూర్చునే పెద్దమనుషులు పోతుతాటి కల్లో పండుతాటి కల్లో ఒక్క గుక్కలో చెప్పేస్తారు. పొద్దున తియ్యగా దిగిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంటే, బ్యాక్టీరియా పులుపు చేరుస్తూ పోతుంది. ఏ వేళ కల్లు ఎలా ఉంటుందో వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలని నా కోరిక.