భాగ్యనగరపు భోజనశాలలు – తగ్గింపు వెల మర్యాదలు

అన్నమును వెలకట్టి అమ్ముట మన పూర్వులకు రుచించిన పని కాదు. బాటసారులకు సత్రములు కట్టించినవారును, వారములు చేసికొని చదువుకొను బాలురకు విస్తరి వేసిన యిల్లాండ్రును ఆ తలంపుతోడనే నడచుకొనిరి. కాలము మారినది. నేడు పట్టణములలోని కుటుంబములు అప్పుడప్పుడు భోజనశాలకు పోయి భుజించుట వింత కాదు. పోయినవారు పట్టికలోని వెల నంతయు నీయక, నాలవవంతో సగమో తగ్గించుకొని భుజించుటయు వింత కాదు. ఏడాది కొకమారు పోవువారి మాట యటుండనిండు. వారము వారమును తగ్గింపు వెలకే తినువారు పాటింపదగిన మర్యాద లేవియైన గలవా? ఇటీవల హైదరాబాదులో మూడు వారములుండి, మా అన్నగారి కుమార్తెతో కూడ అనేక భోజనశాలలు చూచితిని. ఆ నగరమును గూర్చియు, ఈ ప్రశ్నను గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాను.

హైదరాబాదు తిండికి పేరుగన్న నగరము. 2019 అక్టోబరులో యునెస్కో వారు దీనిని పాకకళకు ప్రసిద్ధి చెందిన సృజనాత్మక నగరముల జాబితాలో చేర్చిరి. పాతబస్తీలో చార్మినారు చెంత నిలిచి చూచినచో ఆ గౌరవము ఊరక రాలేదని తెలియును. ఇరానీ హోటళ్లలో తెల్లవారకమునుపే పెద్ద పాత్రలలో డికాక్షను కాగుచుండును. చిక్కగా మరగిన పాలు వేరుగా నుండును. రెండును కప్పులో కలిపి, ప్రక్కన ఉస్మానియా బిస్కత్తు నుంచి యిత్తురు. బండి లాగువాడును, నగలు కొనవచ్చిన ధనికుడును ఒకే వెల యిచ్చి ఒకే బల్లయొద్ద త్రాగుదురు. అచ్చట నేను చూచినంతలో తగ్గింపును లేదు, తగ్గింపు నడుగువాడును లేడు.

పడమటి దిక్కుననున్న క్రొత్త నగరపు తీరు వేరు. మేము కూకట్‌పల్లిలో మెట్రో రైలెక్కి అమీర్‌పేటకు వచ్చి, అచ్చట బండి మారి, హైటెక్ సిటీ వైపు పోవుచుంటిమి. దుర్గం చెరువుపై 2020లో తెరచిన తీగల వంతెన ఆ ప్రాంతమును జూబ్లీహిల్సుతో కలుపుచున్నది. వంతెన కిరువైపులను అద్దాల మేడలు, ఆ మేడలలో అంతస్తున కొకటి చొప్పున భోజనశాలలు. ఇచ్చట వంటకముల పట్టిక చూచుటకు ముందే ఫోను చూతురు. 2022లో స్విగ్గీ వారు కొన్న డైనౌట్, 2024లో జొమాటో వారు వెలువరించిన డిస్ట్రిక్ట్ మొదలగు యాపులలో ఏ శాలలో నేడెంత తగ్గింపో కనబడును. ముందుగా బల్లను నిలుపుకొని, తినిన పిదప ఆ యాపు ద్వారానే సొమ్ము చెల్లించినచో బిల్లు తగ్గును. బ్యాంకు కార్డులవారి తగ్గింపులు వేరుగా నుండును.

యజమాని వెల నేల తగ్గించును? దయచేత కాదు. బుధవారము మధ్యాహ్నము నలుబది బల్లలలో పది మాత్రమే నిండినను మేడ అద్దె తగ్గదు, వంటవాని జీతము తగ్గదు, దీపముల ఖర్చు తగ్గదు. ఖాళీ కుర్చీ రూపాయియైన తేదు. తగ్గింపు చూచుకొని వచ్చినవాడు కొంతయైన తెచ్చును. అందుచేతనే తగ్గింపులు సాధారణముగ సోమవారము మొదలు గురువారము వరకు హెచ్చుగను, శని ఆదివారముల రాత్రులందు తక్కువగను ఉండును. కావున ఇది భిక్షము కాదు, దానమును కాదు. మన యూళ్లలో కూరగాయల నమ్మునామె తూకము వేసిన పిమ్మట తన చేతితో వేయు కొసరువంటిది. కొసరు నడుగుట తప్పు కాదు. ఆమె గంపలో మన చేయి పెట్టి తీసికొనుట తప్పు.

అందరును గంపలో చేయి పెట్టినచో ఏమగునో 2019లో చూచితిమి. జొమాటో వారు 2017లో మన దేశమున ‘గోల్డు’ అను సభ్యత్వమును ప్రవేశపెట్టిరి. చందా కట్టినవారు చాల శాలలలో ఒక వంటకము కొన్నచో మరియొకటి వెల లేక పొందుచుండిరి. సభ్యుల సంఖ్య లక్షలకు పెరిగెను. ఒక్క బల్లయొద్దనే పలువురు సభ్యులు కూర్చుండి, తలకొక ఉచిత వంటకము తీసికొనసాగిరి. 2019 ఆగస్టులో గురుగ్రామమున మొదలుపెట్టి, అనేక నగరముల భోజనశాలలవారు ఇట్టి తగ్గింపుల నుండి వైదొలగిరి. దానికి ‘లాగౌట్’ ఉద్యమమని పేరు. భోజనశాలల జాతీయ సంఘము వారికి బాసటగా నిలిచెను. పిదప జొమాటో వారు గోల్డు నియమములను బిగించిరి. తప్పంతయు సభ్యులదే యని నేననను. నియమములు వ్రాసినవారును, ఒప్పుకొనినవారును వేరు. అయినను నియమము సమ్మతించిన దెల్ల మర్యాద సమ్మతింపదని దీనివలన తేటపడుచున్నది.

ఇక మేము చూచినది చెప్పెదను. ఒక మంగళవారము మధ్యాహ్నము జూబ్లీహిల్సులో ఒకానొక శాలకు పోతిమి. మా అమ్మాయి వాకిటనే ఫోను చూపి, “ఈ తగ్గింపు నేడు చెల్లునా?” అని యడిగెను. అక్కడి ఉద్యోగి చెల్లునని చెప్పి, మమ్ము లోనికి తోడ్కొనిపోయి, వంటయింటి తలుపు ప్రక్కనున్న యిరుకు బల్ల చూపెను. తలుపు తెరచినప్పుడెల్ల పొగయు, అంట్ల చప్పుడును. కిటికీ వైపున ఆరేడు బల్లలు ఖాళీగానే యున్నవి. నేను కూర్చుండబోగా అమ్మాయి, “అత్తయ్యా, మీరు కొంచెముండండి” అని ఆపి, అతనితో “అన్నా, కిటికీయొద్ద బల్లలు ఎవరికైన నిలిపినారా?” అని ప్రశ్నించెను.

“ఆఫరు వారికి ఇటువైపు, మేడమ్” అని యతడు బదులు చెప్పెను.

“ఆ సంగతి యాపులో వ్రాయలేదు. వ్రాసియుండినచో రావలెనో వలదో మేమే చూచుకొనియుందుము” అని ఆమె గొంతు పెంచకయే యనెను. అతడు లోపలికి పోయి వచ్చి, మమ్ము కిటికీయొద్దనే కూర్చుండబెట్టెను.

మా వదినగారు ఈ కథ విని, “తగ్గింపు నడిగితిరి గనుకనే ఆ మాట పడితిరి. నిండు వెల యిచ్చుటయో, ఇంటనే వండుకొనుటయో పరువు” అనిరి. ఆమెయందు నాకు గౌరవము గలదు గాని ఈ మాట నేనొప్పుకొనజాలను. శాలవారు తామే ప్రకటించిన వెలను మన మిచ్చుచున్నాము. ఇంటి సొమ్ము కాపాడు స్త్రీ అందుకై తల వంచనక్కరలేదు. అయితే అమ్మాయి వాకిటనే చెప్పుటవలన వచ్చిన మేలు గమనింపుడు. ఇష్టము లేనిచో వెనుదిరుగుటకు ఆమెకు దారి యుండెను. తినుట ముగిసి బిల్లు వచ్చిన పిదప ఫోను తీసి చూపువారికి ఆ దారి లేదు. అప్పుడు తగ్గింపు చెల్లదన్నచో జగడము, చుట్టుప్రక్కలవారి చూపులు, తిన్న అన్నము చేదు. కావున ముందుగా చెప్పుట మొదటి మర్యాద. అది శాలవారికెంతయో మనకంతయు రక్ష.

ఆనాడు మాకు వడ్డించిన చిన్నవాడు అస్సాము నుండి వచ్చినవాడు. అట్లు తూర్పు రాష్ట్రముల నుండి వచ్చి ఈ నగరపు శాలలలో పని చేయువారు పెక్కుమంది గలరు. అతనికి తెలుగు నాలుగు మాటలే వచ్చును, నవ్వు మాత్రము నిండుగా వచ్చును. మా బిల్లు 1,600 రూపాయలు. తగ్గింపు పోగా 960 అయ్యెను. అమ్మాయి ఆ సొమ్ము ఫోనులో చెల్లించి, నూట అరువది రూపాయల నోట్లు అతని చేతిలో పెట్టెను. నేను, “పదియవ వంతనిన తొంబదియారే గదా!” అంటిని.

“మనకు బిల్లు తగ్గినది గాని, అతడు పళ్లెములు తక్కువ మోయలేదు గదా, అత్తయ్యా!” అని ఆమె నవ్వెను.

ఈ ఒక్క మాటలో విషయమంతయు నున్నది. బిల్లులోనే తగ్గింపు చూపినచో ప్రభుత్వపు పన్నును తగ్గిన మొత్తము మీదనే పడును. కాని వడ్డించినవాని శ్రమకు తగ్గింపు లేదు. సర్వీసు చార్జి యను పేర బిల్లులో దానంతట అది చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించెను. 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దానిని నిలబెట్టెను. అనగా ఇచ్చుట మానుట మన యిష్టమునకు వదలిరి. బలవంతము పోయినచోట మన మనసు చూచుకొనవలెను. తగ్గింపు యజమాని తన లెక్క చూచుకొని యిచ్చినది. దానిని వడ్డించినవాని చేతినుండి రాబట్టుట న్యాయము కాదు.

మరియొక సంగతి అమ్మాయి తన కార్యాలయములో జరిగినదిగా చెప్పెను. ఆరుగురు స్నేహితురాండ్రు కలిసి భోజనమునకు పోయిరి. ఒకతె తన ఫోనుతో బిల్లు చెల్లించి, మిగిలినవారి యొద్ద తగ్గింపుకు ముందున్న వెల ప్రకారము వంతులు వసూలు చేసెను. తగ్గిన సొమ్మంతయు ఆమెకే మిగిలినది. నెల తరువాత ఆ సంగతి బయటపడెను. ఒక్కొక్కరికి కలిగిన నష్టము నూరు రూపాయలకు మించదు. అయినను ఆ ఆరుగురును మరల కలిసి భోజనమునకు పోలేదట. కార్డు నాది, చందా నాది యనుకొనువారు ఆ మాట ముందే చెప్పవచ్చును, ఎవరును కాదనరు. దాచుటతోనే చెడినది. కలిసి తిన్నప్పుడు వచ్చిన తగ్గింపు కలిసి తిన్నవారందరిది.

ఇంటికి వచ్చిన చుట్టములను తోడ్కొనిపోయినప్పుడు మరింత మెలకువ వలయును. అతిథి యొక వంటకము కోరగా, “దానికి ఆఫరు లేదు” అనుట, తినుచుండగానే ఎంత మిగిలెనో లెక్క చెప్పుట, పెట్టిన అన్నమును మరల లాగికొనుటయే. ఏ శాలయో, ఎంత సొమ్మో ఇంటనే నిర్ణయించుకొని, అక్కడికి పోయిన పిదప అతిథి కోరినది తెప్పింపవలెను.

“మొదటిమారు వచ్చువారికి” అని యిచ్చు తగ్గింపును గూర్చియు ఒక మాట. అత్తగారి ఫోనుతో నొకమారు, మరిది ఫోనుతో నొకమారు క్రొత్త పేర్లు వ్రాసి, ప్రతిమారును మొదటిమారే యని పొందువారు గలరు. ప్రక్కన పిల్లలు కూర్చుండి చూచుచుందురు. రెండువందలు మిగులును గాని, చిన్న అబద్ధమునకు వెల గలదని వారు నేర్తురు. ఆ పాఠము ఇంటికి తిరిగి వచ్చినప్పుడు మనకే ఖరీదగును.

నిత్యము పోవువారికి మాదిరి కావలెనన్న, వెనుకటి వారాల బాలుని తలంచుకొందము. అతడు తనకు చెప్పిన వేళకు వచ్చును. విస్తరిలో వేసినది పారవేయడు. రాలేని దినము ముందుగా చెప్పి పంపును. తిన్న యింటి గుట్టు వీధిలో చెప్పడు. ఈ నాలుగును నేటికిని సరిపోవును. మధ్యాహ్నపు తగ్గింపుకు మధ్యాహ్నమే పోవలెను. జనము నిలిచియుండగా తినుట ముగించియు గంటలకొలది బల్ల నంటిపెట్టుకొనరాదు. బఫే భోజనమున ఎంతయైన తినవచ్చును గాని పళ్లెము నింపి విడువరాదు, సంచిలో కట్టుకొని పోరాదు. నిలుపుకొనిన బల్లకు పోలేనిచో ఆ మాట వెంటనే తెలుపవలెను. బాగుగ లేనిచో ఉన్నమాట వ్రాయవచ్చును. మరికొంత తగ్గింపనిచో చెడుగా వ్రాసెదమని బెదిరింపరాదు.

ఒక్క విషయమున మాత్రము మనము ఆ బాలునికంటె భిన్నులము. అతడు ఋణపడి తినెను, మనము వెల యిచ్చి తినుచున్నాము. కావున సంకోచము వలదు, చిన్నచూపు చూచినచో సహింపనును వలదు. భోజనశాలకని సొమ్ము తీసిపెట్టునప్పుడే వడ్డించువానికి ఇయ్యవలసినదియు అందులో చేర్చి తీసిపెట్టుదము. ఆ మాసమున చేతిలో సొమ్ము చాలనిచో తెప్పించుకొను వంటకములలో ఒకటి తగ్గించుకొందము, లేదా భోజనము మాని చాయతో సరిపెట్టుకొందము. వడ్డించినవాని భాగము మాత్రము తగ్గింపకుందము.