కరువు పని మేటు

మొన్న ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి వచ్చిన సార్ ఒక మాట చెప్పారు. "రేపు మీరు చేరబోయే ఆఫీసుల్లో మీ ఈడు వాళ్ళూ ఉంటారు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ వాళ్ళూ ఉంటారు. అందరితో కలిసి పని చేయడం, చేయించడం నేర్చుకోండి" అని. "మీలో ఎవరైనా అలాంటి టీమ్‌ని ఇప్పటికే నడిపారా?" అని కూడా అడిగారు. ఇద్దరు ఫెస్ట్ కోఆర్డినేటర్లు చెయ్యెత్తారు. నేను ఎత్తలేదు. ఎత్తితే "కరువు పనిలో మేటుగా చేశాను సార్" అని చెప్పాలి. అప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెప్పనందుకు సిగ్గుగా ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

మాది రామసముద్రం మండలం. అవతల కర్ణాటక. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకి మారాం కానీ మా యాసా, మా ఎండా ఏం మారలేదు. ఉపాధి హామీని మా వైపు ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆ పథకం దేశంలో మొదలైంది కూడా మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మొదటి విడత జిల్లాల్లో చిత్తూరు కూడా ఉంది. అప్పుడు నాకు మూడేళ్ళు. మా వీధి జేజికి జాబ్ కార్డు వచ్చింది ఆ రోజుల్లోనే. అంటే నాకంటే ఆ కార్డు మూడేళ్ళే చిన్నది.

2023 వేసవి సెలవులకి ఇంటికెళ్ళాను. ఆ జనవరి నుంచి ఊరుమ్మడి పనులన్నింటికీ హాజరు ఫోన్ యాప్‌లోనే వెయ్యాలి. పొద్దున ఒక ఫోటో, తర్వాత ఇంకో ఫోటో. అంతకుముందు మేటుగా ఉన్న చిన్నమ్మకి ఫోన్ అంటే భయం. "ఇంజినీరు చదవతా ఉండావు గదా, నువ్వు చెయ్యి మ్మే" అని అందరూ నా మీద పెట్టేశారు.

మా గ్రూపులో 22 మంది. అందరికంటే చిన్నోడికి పంతొమ్మిది. పెద్దది జేజి, డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. మధ్యలో మా అమ్మ, అత్తలు, బెంగుళూరులో పని పోయి ఊరికొచ్చిన ఒక అన్న. పని, ఊరి చెరువులో పూడిక తియ్యడం. పొద్దున ఆరుకల్లా పారలు, గడ్డపారలు, గంపలు తీసుకుని చెరువులో దిగేవాళ్ళం.

ఆ సంవత్సరం మన రాష్ట్రంలో రోజు కూలి 272 రూపాయలు. కానీ వచ్చినందుకు ఇచ్చే డబ్బు కాదది. ఎంత మట్టి తీశామో కొలిచి, దాన్నిబట్టి ఇస్తారు. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది.

మొదటి రోజు నా చదువంతా చూపించా. టేపు పట్టి, ఇద్దరిద్దరికీ ఒకే కొలత గుంతలు గీసిచ్చా. అందరికీ సమానం, గొడవే ఉండదనుకున్నా. మూడో రోజుకే గొడవ మొదలైంది. పిల్లోళ్ళ గుంతలు ఎనిమిదికల్లా సగం అయిపోతున్నాయి, పెద్దోళ్ళవి మోకాలి లోతు కూడా దిగట్లేదు. "వాళ్ళ కూలి కూడా మేమే తవ్వాలా?" అన్నాడు బెంగుళూరు అన్న. అతని మాటలోనూ తప్పు లేదు. ఇంట్లో బిడ్డ పాల డబ్బులు అతనికి అందులోంచే రావాలి.

నేను ఒక ఉపాయం కనిపెట్టా. చట్టం ప్రకారం పనిచోట నీళ్ళుండాలి, నీడ ఉండాలి. అయిదుగురు, అంతకు మించి చిన్నపిల్లలు వస్తే వాళ్ళని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలి. ఆ మనిషికీ కూలి ఉంటుంది. మా దగ్గరికి వచ్చేది ఇద్దరే పిల్లలు. అయినా "జేజీ, నువ్వు చింతచెట్టు కింద కూర్చో. పిల్లోళ్ళని చూసుకో, నీళ్ళియ్యి" అన్నా. మంచి పని చేశాననే అనుకున్నా. జేజి ఏమీ అనలేదు. గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

రెండో వారంలో నేనొక తప్పు చేశా. ముందురోజు రాత్రి సినిమా చూసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టకుండా నిద్రపోయా. పొద్దున ఫోటో ఎక్కింది. రెండో ఫోటో తియ్యబోతే ఫోన్ ఆరిపోయింది. ఇంటికి పరిగెత్తి ఛార్జింగ్ పెట్టి వచ్చేసరికి సగం మంది వెళ్ళిపోయారు. తర్వాత అడగాల్సిన వాళ్ళందర్నీ అడిగా, లాభం లేకపోయింది. 22 మంది ఒక రోజు కష్టం పోయింది.

రాత్రంతా లెక్క వేసుకున్నా. 22 ఇంటూ 272, మొత్తం 5,984. స్కాలర్‌షిప్ డబ్బుల్లో అంత లేదు. కనీసం జేజికైనా ఇద్దామని పొద్దున్నే వాళ్ళింటికెళ్ళా. సంగటి కెలుకుతోంది. నా చేతిలో నోట్లు చూసి తెడ్డు ఆపింది.

"నువ్విస్తే అది కూలి గాదు పాపా, ధర్మం. నన్ను చెట్టు కింద కూర్చోబెట్టినప్పుడూ ధర్మమే చేస్తివి. ఇన్నేండ్లుగా ఆ చెరువులో మన్ను ఎత్తినా. నన్ను ఏం చేతనవునని ఒక్క మాట అడిగినావా?"

అడగలేదు. టేపుతో గుంతల్ని కొలిచా కానీ మనుషుల్ని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. జేజి నన్ను ఓదార్చలేదు. "పా, పొద్దెక్కతా ఉంది" అని గంప అందుకుంది.

ఆ రోజు పని జేజే పంచింది. ఇద్దరిద్దరు కాకుండా నలుగురైదుగురికి ఒక పెద్ద గుంత. గడ్డపార పిల్లోళ్ళకి, గంపలు మా అమ్మ ఈడు వాళ్ళకి, అంచులు నిలువుగా చెక్కడం, అడుగు సదరం చెయ్యడం పెద్దోళ్ళకి. పిల్లోళ్ళు ఊపులో తవ్వుతారు కానీ గోడలు వాలుగా వదిలేస్తారు. పైన వెడల్పు ఉంటే సరిపోదు, అడుగున తగ్గితే కొలతలో పోతుంది. మేము తవ్విన మట్టిలో కొంత లెక్కకి రాకుండా పోతున్నది అక్కడే. ఇంకోటి కూడా చెప్పింది. గట్టు పక్కన గట్టి నేల అని, మత్తడి వైపు ఒండ్రు మెత్తగా ఉంటుందని. నేను గీసిన గుంతల్లో సగం గట్టినేల మీదే ఉన్నాయి.

బెంగుళూరు అన్న మొదట మూతి తిప్పాడు. మధ్యాహ్నానికి "జేజీ, ఈ గోడ జూడు" అని తనే పిలిచాడు.

ఆ వారం కూడా 272 పూర్తిగా పడలేదు. ముందు వారం కంటే ఎక్కువే పడింది. పోయిన రోజు కూలి మాత్రం తిరిగి రాలేదు. ఎవరూ దాన్ని ఎత్తలేదు కానీ, సెలవులు అయ్యేదాకా రోజూ రాత్రి ఎవరో ఒకరు మా గుమ్మం దగ్గర ఆగి "పాపా, ఫోన్ ఛార్జింగ్ పెట్టినావా?" అని అడిగి పోయేవాళ్ళు. ఎక్కువసార్లు జేజే.

సార్ మళ్ళీ వస్తే ఈసారి చెయ్యెత్తుతా. ఏం నేర్చుకున్నావని అడిగితే జేజి మాటే చెప్తా. పెద్దవాళ్ళకి పనిలో కావాల్సింది నీడ ఒక్కటే కాదు. వాళ్ళకి ఏం చేతనవునో అడిగి, ఆ పని వాళ్ళకి ఇవ్వాలి.