నీళ్ళు కలుపుకునే విద్య

ముందే చెప్పేస్తున్నా, ఇది మందు తాగమని ఎవర్నీ ప్రోత్సహించడానికి రాస్తున్నది కాదు. తాగేవాళ్ళని తిట్టడానికీ కాదు. మన సాఫ్ట్‌వేర్ జనం ఆన్‌సైట్ పేరుతో యూరప్ వెళ్ళడం మొదలుపెట్టాక, తిరిగొచ్చి చెప్పే కబుర్లలో ఆబ్సింత్ గురించి ఒకటైనా ఉంటోంది. "పచ్చగా ఉంటుంది, నిప్పంటించి తాగాలి, రెండు పెగ్గులకే దయ్యాలు కనిపిస్తాయి" అని. ఇందులో మొదటి ముక్క సగం నిజం, రెండోది ఈమధ్య పుట్టిన ఆచారం, మూడోది శుద్ధ అబద్ధం. వరసగా చెప్తాను.

అసలు ఏమిటీ ఆబ్సింత్? ఆర్టెమీసియా అబ్సింథియం అనే చేదు మొక్క, అనీస్ గింజలు, సోంపు, ఈ మూడూ ప్రధానమైన దినుసులు. వీటిని ఘాటైన ఆల్కహాల్లో నానబెట్టి బట్టీ పెడతారు. ఆర్టెమీసియా అంటే ఏదో విదేశీ వ్యవహారం అనుకోకండి. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వేసే మాచిపత్రి ఆ బాపతు మొక్కే. పూలమాలల్లో కట్టే దవనం కూడా అదే. మనవాళ్ళు దేవుడికీ జడకీ పెట్టారు, స్విస్ వాళ్ళు సీసాలో పెట్టారు, అంతే తేడా :)

బట్టీ దిగిన సరుకు నీళ్ళలాగే తెల్లగా ఉంటుంది. తర్వాత హిస్సప్, లెమన్ బామ్ లాంటి ఆకులు మళ్ళీ నానబెడితే వాటి పత్రహరితం దిగి ఆకుపచ్చ రంగు వస్తుంది. అందుకే వెలుతురు తగిలితే, పాతబడితే ఆ రంగు ఎండుటాకు రంగుకి తిరుగుతుంది. సీసాలో చిలకపచ్చ రంగు మెరిసిపోతోందంటే అది చాలావరకు కలిపిన రంగేనని అర్థం.

ఇది పుట్టింది స్విట్జర్లాండ్‌లో, న్యూషాటెల్ ప్రాంతంలోని వాల్-ద-త్రావెర్ లోయలో. కువే అనే ఊళ్ళో 18వ శతాబ్దం చివర్లో ఇదొక మందుగా (అంటే నిజంగా ఔషధంగా) మొదలైంది. 1797లో దుబియే అనే ఆయన ఆ రెసిపీ కొని, అల్లుడు ఆన్రీ లూయీ పెర్నోతో కలిసి బట్టీ పెట్టాడు. 1805లో అల్లుడు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని పొంతార్లియేలో సొంత ఫ్యాక్టరీ తెరిచాడు. ఆ పెర్నో పేరు మనకి కొత్తేమీ కాదు. మన వైన్ షాపుల్లో దొరికే రాయల్ స్టాగ్ వెనకున్న కంపెనీ పేరు పెర్నో రికార్. అందులో సగం ఈ అల్లుడుగారిదే.

ఇప్పుడు తాగే పద్ధతి. సంప్రదాయం ప్రకారం ఇదీ వరస: గ్లాసులో 30 మిల్లీలీటర్ల ఆబ్సింత్, అంటే మన లెక్కలో ఒక చిన్న పెగ్గు. గ్లాసు అంచుల మీద అడ్డంగా చిల్లుల గరిటె. దానిమీద ఒక చక్కెర బిళ్ళ. పైనుంచి ఐసు నీళ్ళు చుక్క చుక్కగా. ఒక వంతుకి 3 నుంచి 5 వంతుల నీళ్ళు. నీళ్ళు పడేకొద్దీ అడుగున పొగలాగా మొదలై కాసేపటికి గ్లాసంతా పాలలాగా మారుతుంది. దీన్ని ఫ్రెంచి వాళ్ళు లూష్ అంటారు.

పాలలాగా ఎందుకవుతుందీ అంటే, అనీస్, సోంపుల్లో అనెథోల్ అనే నూనె ఉంది. అది ఆల్కహాల్లో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నీళ్ళు పెరిగేసరికి ఆ నూనె ఇక కరిగి ఉండలేక కంటికి కనపడనంత చిన్న బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువుల మీద వెలుతురు పడి చెదురుతుంది, మనకి తెల్లగా కనిపిస్తుంది. గిలక్కొట్టనక్కర్లేదు, సబ్బులాంటిదేదీ కలపక్కర్లేదు, దానంతటదే జరుగుతుంది. 2003లో ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఊజో ఎఫెక్ట్ అని పేరు కూడా పెట్టారు. గ్రీకుల ఊజో, టర్కీ వాళ్ళ రాకీ, ఫ్రాన్స్ పాస్టిస్ అన్నీ ఇలాగే తెల్లబడతాయి.

నీళ్ళెందుకు అన్నది అసలు ప్రశ్న. లెక్క చూడండి. మన విస్కీ 42.8 శాతం ఉంటుంది. పాతకాలపు మంచి ఆబ్సింత్ 68 శాతం పైమాటే. 30 మిల్లీలీటర్లలో 20 దాకా ఆల్కహాలే. దానికి 120 నీళ్ళు కలిపితే మొత్తం 150కి 13.6 శాతం వస్తుంది. అంటే వైన్ స్థాయి. నీళ్ళు కలపకుండా గొంతులో పోసుకోవడం అంటే, వాడేముందు నీళ్ళు కలపమని రాసిపెట్టిన స్క్వాష్ సీసాని నేరుగా ఎత్తినట్టే. ఇది ఒక రకం కాన్సెంట్రేట్, పూర్తిచెయ్యాల్సిన పని తాగేవాడికి వదిలేశారు.

ఆ చుక్కలు పొయ్యడానికి వాళ్ళు పడిన తిప్పలు చూస్తే మన ఆటోమేషన్ పిచ్చి కొత్తది కాదని తెలుస్తుంది. నాలుగు కుళాయిల గాజు ఫౌంటెన్లు చేశారు. ఫౌంటెన్ లేనివాడి కోసం గ్లాసు మీద పెట్టుకునే చిల్లుల గిన్నె చేశారు. ఇంకో మహానుభావుడు దాంట్లో తూగుడుబల్ల పెట్టాడు. ఒకవైపు నీళ్ళు నిండగానే ఒరిగి కిందకి పోస్తుంది, అప్పుడు రెండోవైపు నిండుతుంది. కరెంటు లేదు, కోడ్ లేదు, బగ్గూ లేదు.

నేను మోతియే అనే ఊరికి 2016లో వెళ్ళాను. కువేకి పక్కనే. ఒకప్పుడు దొంగ బట్టీల వాళ్ళని విచారించిన కోర్టు భవనాన్నే 2014లో ఆబ్సింత్ మ్యూజియంగా మార్చారు. స్విట్జర్లాండ్‌లో 1910 నుంచి 2005 దాకా ఆబ్సింత్ నిషేధం. ఆ తొంభై అయిదేళ్ళూ ఈ లోయలో వంటిళ్ళల్లో కాస్తూనే ఉన్నారు. ఆకుపచ్చగా ఉంటే పట్టుబడతారు కాబట్టి రంగు వెయ్యడం మానేసి తెల్లగానే ఉంచారు. దాని ముద్దుపేరు "లా బ్లూ", అంటే నీలిది. 1983లో ఫ్రెంచి అధ్యక్షుడు మితెరాన్ న్యూషాటెల్ వస్తే విందులో ఆబ్సింత్ వేసిన సూఫ్లే వడ్డించారని పెద్ద గొడవై కేసు దాకా వెళ్ళింది.

అక్కడ నాకు పోసిచ్చిన పెద్దాయన చక్కెర ముట్టుకోలేదు. అడిగితే, సరిగ్గా బట్టీ పెడితే చేదు అడుగునే ఉండిపోతుంది, ఇక చక్కెర ఎందుకన్నాడు. నిజమే, ఆ మొక్కలోని చేదు ఆవిరితో పైకి రాదు. నీళ్ళు మాత్రం చాలా నిదానంగా పోశాడు. అక్కడి అడవి దారుల్లో ఊటల దగ్గర సీసా దాచిపెట్టి, నడిచి వచ్చినవాళ్ళు కాస్త పోసుకుని ఊటనీళ్ళు కలుపుకునే అలవాటు ఉందని కూడా చెప్పాడు. చక్కెర లేదు, గరిటె లేదు, చల్లటి నీళ్ళు ఉంటే చాలు. నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది.

ఇక అడ్డదార్లు. చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ పేరుమీద "భూకంపం" అనే మిశ్రమం ఒకటి ప్రచారంలో ఉంది. ఆబ్సింత్, కొన్యాక్ సగం సగం. పేరు సరిగ్గానే పెట్టారు. హెమింగ్వే 1935లో ఇచ్చిన రెసిపీలో నీళ్ళ బదులు షాంపేన్ పోస్తారు. అదీ తెల్లబడుతుంది గానీ, మందులో మందు కలిపితే పలచన ఎలా అవుతుంది? న్యూ ఆర్లీన్స్ వాళ్ళ సజరాక్ ఇంకో తరహా. గ్లాసుని ఆబ్సింత్‌తో తొలిపి పారబోసి, తర్వాత రై విస్కీ పోస్తారు. మనం పోపులో ఇంగువ వేసినట్టు, వాసనకి మాత్రమే. ఇది నాకు తెలివైన పనిగా తోస్తుంది.

అన్నిట్లోకీ విచిత్రంగా తాగింది మాత్రం ఒక నది. 1901 ఆగస్టు 11న పొంతార్లియే ఫ్యాక్టరీ మీద పిడుగు పడి మంటలు లేస్తే, సరుకు పేలిపోకుండా పీపాల్లోది పక్కనే ఉన్న దూ నదిలోకి వదిలేశారు. కొద్ది రోజులకే కొండలకవతల లూ అనే ఇంకో నది పుట్టేచోట ఆబ్సింత్ వాసన! దూ నీళ్ళు భూమిలోపల నుంచి లూ లోకి పోతున్నాయని అలా బయటపడింది. 1910లో రంగు కలిపి పరీక్షించి రూఢి చేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ట్రేస్ లాగ్ అన్నమాట.

ఇప్పుడు నిప్పు దగ్గరికి వద్దాం. చక్కెర బిళ్ళని మందులో ముంచి వెలిగించడం పారిస్ ఆచారం కాదు. 1990లలో చెక్ దేశపు బార్లలో మొదలైంది. అక్కడి సరుకులో అనీస్ తక్కువ, నీళ్ళు పోస్తే తెల్లబడదు. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని మంట. దానివల్ల చక్కెర మాడుతుంది, వాసన పోతుంది, ఒక్కోసారి గ్లాసు పగులుతుంది. 70 శాతం ఆల్కహాల్ పక్కన, అప్పటికే రెండు వేసుకున్నవాడి చేతిలో అగ్గిపుల్ల అంటే ఏమవుతుందో నేను చెప్పాలా?

మరి దయ్యాల సంగతి? 1860లలో పారిస్‌లో మన్యాన్ అనే మానసిక వైద్యుడు గినీ పందులకి ఆ చేదు మొక్క నూనెని గాఢంగా ఇచ్చి, వాటికి మూర్ఛలు రావడం చూసి, ఆబ్సింత్ తాగేవాళ్ళ జబ్బు ప్రత్యేకమైందని తేల్చాడు. ఆ నూనెలోని థుజోన్ ఎక్కువ మోతాదులో మూర్ఛ తెప్పించే మాట నిజమే. కానీ గ్లాసులో అది ఎంత? 2008లో నిషేధానికి ముందునాటి 13 సీసాలు తెరిచి కొలిస్తే సగటున లీటరుకి 25.4 మిల్లీగ్రాములు తేలింది. అంత థుజోన్‌తో ఏదైనా కావాలంటే దానికంటే చాలాముందే ఆల్కహాల్ మనిషిని పడేస్తుంది. చవక సరుకులో రంగు కోసం రాగి లవణాలు కలిపినవాళ్ళూ ఉన్నారు, అది వేరే విషం.

నిషేధానికి దారితీసిన కథ ఇంకా ఘోరం. 1905 ఆగస్టు 28న స్విట్జర్లాండ్‌లోని కొమ్యుని అనే ఊళ్ళో జాన్ లాన్‌ఫ్రే అనే కూలీ, కడుపుతో ఉన్న భార్యనీ ఇద్దరు కూతుళ్ళనీ కాల్చి చంపాడు. ఆ రోజు అతను తాగినవాటిలో రెండు ఆబ్సింత్‌లున్నాయి. వాటితోపాటు కొన్యాక్, బ్రాందీ, లెక్కలేనంత వైన్ కూడా ఉన్నాయి. రోజూ లీటర్ల కొద్దీ వైన్ తాగే మనిషి. ఊరు ఊరంతా పట్టుకున్నది మాత్రం ఆ రెండు గ్లాసులనే. ద్రాక్షతోటల ప్రాంతం మరి, వైన్ని ఎవరు తప్పుపడతారు? 1908 జులై 5న దేశమంతా ఓటేసి నిషేధించింది. 1915లో ఫ్రాన్స్ కూడా అదే పని చేసింది. వైన్ మీద ఈగ వాలలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. మోటార్లు బాగుచేసేవాడు, చెయ్యి పెడితే ఏ పంపుసెట్టయినా లేచేది. ముందు కల్లు, తర్వాత సారా. 1993లో సారా నిషేధించాక చీప్ బ్రాందీ. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాక పక్క రాష్ట్రం నుంచి వచ్చే సీసాలు. 1997లో నిషేధం సడలించాక మళ్ళీ షాపు ముందు. ప్రతి మజిలీలోనూ మా ఇంట్లో ఒకే మాట: "కల్లులో ఏదో కలుపుతున్నారు", "ఆ సారా మంచిది కాదు", "బ్రాందీ కల్తీది". చివర్లో ఉద్యోగస్తుడైన అల్లుడు కాస్త మంచి బ్రాండ్ తెచ్చిపెట్టాడు కూడా, పాపం ఆరోగ్యం బాగుంటుందని. లివర్ పోయి 2001లో పోయాడు. అప్పుడూ ఎవరో పెద్దాయన "మొదట్నుంచీ మంచి సరుకు తాగుంటే బతికేవాడు" అన్నాడు. లోపల కూర్చున్న మా అత్త వినిపించేట్టు, "ఆయన ఏది తాగినా నాకు ఒకటే వాసన వచ్చేదన్నయ్యా" అంది. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారంటే, సీసా మీద లేబుల్ చూసి కాదు. సాయంత్రానికి కూలి డబ్బులు ఇంటికి రాకపోవడం చూసి. లాన్‌ఫ్రే భార్యని అడిగే అవకాశం ఎవరికీ లేదు. అడిగుంటే ఏ గ్లాసు అని చెప్పి ఉండేది?

ప్రొడక్షన్ పడిపోతే చివరగా ఎవడి కోడ్ వెళ్ళిందో వాడిమీద పెట్టేసి టికెట్ మూసెయ్యడం మనకి అలవాటే. కారణం దొరికిందనుకుంటాం, సర్వర్ మళ్ళీ పడుతుంది. ఆబ్సింత్ నిషేధం సరిగ్గా అలాంటి టికెట్టే. దాన్ని ఇప్పుడు ఎత్తేశారు కదా అని, "థుజోన్ తక్కువే, కాబట్టి ప్రమాదం లేదు" అనేవాళ్ళు కూడా అదే తప్పు తిరగేసి చేస్తున్నారు. ప్రమాదం మొదట్నుంచీ ఆ 68లోనే ఉంది.

మరి నీళ్ళ విద్య గురించి ఇంత ఎందుకు రాశానంటారా? నీళ్ళు కలిపితే ఆల్కహాల్ తగ్గదు, గ్లాసులో అవే 20 మిల్లీలీటర్లు. తగ్గేది వేగం. చుక్కలు పడేందుకు పది నిమిషాలు, తాగేందుకు అరగంట. మావయ్యకి ఆ ఓపిక ఉండేది కాదు. "నీళ్ళు కలిపితే ఇంక తాగడం ఎందుకురా" అనేవాడు. ఒక గరిటె, చక్కెర బిళ్ళ ఆయన్ని బతికించేవని నేను అనను. అలవాటు ముదిరాక గరిటెలు పనిచెయ్యవు, డాక్టరు కావాలి. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, మందు మార్చడమే తట్టింది.

కాబట్టి యూరప్ వెళ్ళే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేదొకటే. తాగని అలవాటుంటే అలాగే ఉండండి, ఏమీ కోల్పోరు. చూడాలనిపిస్తే నిప్పు లేనిచోట, చల్లటి నీళ్ళతో, ఒక్కటంటే ఒక్క గ్లాసు, కడుపులో ఏదైనా పడ్డాక. కారు తియ్యొద్దు, న్యూషాటెల్ నుంచి మోతియేకి రైలుంది. లోయ చాలా బాగుంటుంది. గ్లాసు తెల్లబడటం చూస్తే చాలు, తాగకపోయినా టికెట్ డబ్బులు గిట్టుబాటే.