మండే వాయువుతో చల్లదనం

విద్యుత్తు చరిత్రను చెప్పే గ్రంథాలు దీపానికి కేటాయించినన్ని పుటలు జనరేటరుకు కేటాయించవు. 1884లో చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైనుతో నడిపిన జనరేటరు సామర్థ్యం 7.5 కిలోవాట్లు మాత్రమే. 1912 నాటికి ఆయన సంస్థ షికాగో నగరానికి 25,000 కిలోవాట్ల యంత్రాన్ని నిర్మించింది.

యంత్రం పెరిగేకొద్దీ అడ్డు నిలిచినది ఉష్ణం. రాగి తీగలో ప్రవాహం రెట్టింపైతే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. తీగకు చుట్టిన ఇన్సులేషన్ మాడిపోతుంది. వీచే గాలి ఒక హద్దు దాటాక చాలలేదు. అప్పుడు ఇంజనీర్లు హైడ్రోజన్‌ను ఆశ్రయించారు. అది గాలికన్న పద్నాలుగు రెట్లు తేలిక. వేడిని దాదాపు ఏడు రెట్లు అధికంగా వహిస్తుంది. అయితే గాలిలో 4 నుంచి 75 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. అందుకే దానిని ఆ హద్దుకు ఎంతో పైన, స్వచ్ఛంగా ఉంచి, ఇరుసు చుట్టూ నూనెతో కట్టడి చేశారు. 1937లో అమెరికాలోని డేటన్‌లో అటువంటి టర్బైన్ జనరేటరు పనిచేయనారంభించింది.

1956లో బ్రిటన్ ఇంజనీర్లు స్టేటరు రాగి కడ్డీలను బోలుగా మలచి, లోపల నీటిని పారించారు. రక్తం లోని అవయవాల వేడిని చర్మానికి చేర్చే తీరు అదే.

శస్త్రచికిత్స గదిలో దీపం నిశ్చలంగా వెలగడానికి, ఈ పేరులేని చల్లదనమూ ఒక కారణం.