అన్వయం – ఆలోచనపై ఆలోచన

పద్యం అర్థమైందా అని అడిగితే తరగతి మొత్తం అర్థమైందనే అంటుంది. క్రియకు కర్త ఏదని అడిగితే మౌనం వహిస్తుంది. తనకు తెలియనిదేదో విద్యార్థికి తెలియకపోవడమే ఇక్కడి సమస్య. తన అవగాహనను తానే గమనించి సరిదిద్దుకొనే ఈ శక్తిని అమెరికన్ మనోవిజ్ఞానవేత్త జాన్ ఫ్లావెల్ 1970లలో మెటాకాగ్నిషన్ అన్నాడు. తెలుగులో దీనిని అధిసంజ్ఞానం అనవచ్చు.

దీనిని అలవరచే సాధనం మన పద్యబోధన సంప్రదాయంలోనే ఉంది. అది ఖండాన్వయం. మొదట క్రియను గుర్తించి ఎవరు, దేనిని, ఎట్లా, ఎందుకు అని ప్రశ్నించుకొంటూ పదాలను కూర్చుకోవాలి. సమాధానం దొరకని ప్రశ్న వద్దనే తన అవగాహన ఆగిందని చదువరి గ్రహిస్తాడు. వాక్యార్థానికి శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అప్పుడు స్వీయపరీక్షలవుతాయి. ఇంకా ఏ పదం కావాలి? ఈ అర్థం పొసగుతుందా? దూరాన ఉన్న ఏ పదం దీనికి చెందుతుంది?

పరీక్షల గైడ్లు ఈ ప్రశ్నలను తొలగించి సిద్ధమైన ప్రతిపదార్థాన్ని అందిస్తున్నాయి. అందుకే పరిశోధన చేస్తూ డిగ్రీ తరగతులకు బోధిస్తున్న నేను, తాత్పర్యానికి ముందు ఏ పదం దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో ఒక్క వాక్యంలో రాయమంటున్నాను. మొదట్లో చాలామంది ఏమీ లేదని రాసేవారు. క్రమంగా ‘ఈ విశేషణం ఎవరికి?’ వంటి ప్రశ్నలు రాసాగాయి. అయితే పరీక్షలో మార్కులు తాత్పర్యానికే గనుక ఆ వాక్యం తరగతి గది దాటడం లేదు. ప్రశ్నపత్రాలు రూపొందించే ఆచార్యులు దానికి రెండు మార్కులైనా కేటాయించాలని నా విన్నపం.