కడియంలో కొన్న బంతిమొక్కలు

పిల్లలూ! రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం పోయే బస్సులో మీరు కిటికీ పక్కన కూచున్నారనుకోండి. ఊరు దాటి సుమారు 10 కిలోమీటర్లు పోయేసరికి రోడ్డు పక్క నేల రంగు మారిపోతుంది. ఒకచోట పసుపు, ఒకచోట ఎరుపు, మరొకచోట ఊదా, చాపలు పరిచినట్టు పూలమొక్కలు బారులు తీరి కనిపిస్తాయి. ఆ ఊరే కడియపులంక. ఇక్కడా, పక్కనున్న కడియంలోనూ, చుట్టుపట్ల గ్రామాలలోనూ ఎన్నో కుటుంబాలు మొక్కలు పెంచి అమ్ముకుని జీవిస్తున్నాయి. ఇక్కడి మొక్కలు లారీల మీద ఎన్నో రాష్ట్రాలకు పోతాయి.

ఇన్ని మొక్కలు ఈ ఊళ్ళలోనే ఎందుకు పెరుగుతున్నాయి? మొదటి కారణం నీరు. 1847 – 1852 సంవత్సరాల మధ్య ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజి వుంది. అక్కడ బయలుదేరిన కాలువలు ఈ ప్రాంతానికి నీరు తెస్తాయి. రెండో కారణం గోదావరి మేట వేసిన మన్ను. మూడోది కూడా వుంది. దగ్గరలోనే కోనసీమ కొబ్బరితోటలు వున్నాయి. కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు స్పంజిలాగా నీటిని పట్టి వుంచుతుంది. అందులో విత్తనం వేస్తే లేత వేళ్ళు సులువుగా పారుతాయి.

కడియం వెళ్ళినవాళ్ళు గులాబీలనూ, పెద్ద పెద్ద తాటిజాతి చెట్లనూ చూసి ఆశ్చర్యపోతారు. నేను మీకు చెప్పబోయేది మాత్రం అక్కడ అన్నిటికన్నా చవకగా దొరికే బంతినారు సంగతి.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి సంక్రాంతి గొబ్బెమ్మలకు తన తోటలో పూసిన పూలే పెట్టాలని పట్టుపట్టింది. పండుగ ఇంకా పది రోజులుందనగా కడియం వెళ్ళాము. దాచుకున్న నూరు రూపాయలు దాని గుప్పిట్లో వున్నాయి. ఎక్కువ పూలున్న మొక్కలే ఎక్కువ మంచివని మేము అనుకున్నాము. నిండుగా పూసిన వాటిని నాలుగింటిని ఏరుకుని, ఇంటికి రాగానే మిట్టమధ్యాహ్నం వాకిట్లో నాటేశాము. మూడో రోజుకు పూలు తలలు వాల్చాయి. భోగినాటికి ఎండు పుల్లలు మిగిలాయి. గొబ్బెమ్మలకు బజారు పూలే పెట్టవలసి వచ్చింది. అమ్మాయి ఏమీ అనలేదు గాని, ఆ గొబ్బెమ్మల వంక చూడనైనా చూడలేదు.

మరుసటి సంవత్సరం నవంబరు నడిమిలోనే మళ్ళీ వెళ్ళాము. ఒక తోటలో ముసలామె కూచుని నారు సర్దుతున్నది. మా అమ్మాయి మళ్ళీ పూల మొక్కల దగ్గరికే పరిగెత్తింది.

"ఎందుకమ్మడూ, ఆ పూసినవి?" అన్నది ఆమె.

"గొబ్బెమ్మలకు, మామ్మగారూ. కిందటేడు కొన్నవి చచ్చిపోయాయి," అన్నది అమ్మాయి.

"చావవూ మరి! పూసిన మొక్క పెళ్ళికి ముస్తాబైన మనిషి లాంటిదమ్మా. దాన్ని తీసుకుపోయి ఎండలో పొలం పనికి పెడితే తట్టుకుంటుందా? పువ్వును చూసి కొనకు, మొక్కను చూసి కొను," అని ఆమె ఒక్కొక్కటే చూపించింది.

మంచి నారుమొక్క పొట్టిగా, కాడ లావుగా వుంటుంది. వెలుతురు చాలక సన్నగా పొడుగ్గా సాగినది పనికిరాదు. ఆకు ముదురాకుపచ్చగా వుండాలి. ఆకు తిప్పి అడుగున పురుగులున్నాయేమో చూడాలి. సంచి అడుగున తెల్లని వేళ్ళు తొంగిచూస్తే మంచిదే. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి చుట్టలు చుట్టుకుపోయి వుంటే మొక్క చాలాకాలంగా ఆ సంచిలోనే మగ్గిందన్నమాట. ఈసారి అంత డబ్బూ ఖర్చు కాకుండానే పది మొక్కలు వచ్చాయి!

మొదటి మొక్కలు ఎందుకు చచ్చాయో ఇప్పుడు మీకు చెబుతాను. వేళ్ళ చివర కంటికి కనిపించీ కనిపించనంత సన్నని నూగు వుంటుంది. మొక్క ముఖ్యంగా ఆ నూగుతోనే నీరు తాగుతుంది. నాటేటప్పుడు అది కొంత తెగిపోతుంది. కాని ఆకులూ పూలూ మాత్రం నీటిని గాలిలోకి వదులుతూనే వుంటాయి. పెద్ద మొక్క అయితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. పైగా ఎండ! అందుకే నారును సాయంత్రం నాటాలి. వెంటనే నీరు పోయాలి. మూడు నాలుగు రోజులు మధ్యాహ్నపుటెండ తగలకుండా కొబ్బరాకు నీడ కట్టాలి.

మామ్మగారు ఇంకొక మాట చెప్పింది: "జానెడు ఎదిగాక తల తుంచెయ్యి." ఇది విని అమ్మాయి ముఖం చిన్నబోయింది. బతికిన మొక్క తల ఎవరైనా తుంచుతారా? కాని దీనికి కారణం వుంది. కాడ కొసన తయారయ్యే ఒక పదార్థం కింది పక్కమొగ్గలను ఎదగనివ్వదు. కొస తీసేస్తే ఆ అడ్డు తొలగిపోయి పక్కకొమ్మలు బయలుదేరతాయి. కొమ్మలు పెరిగితే పూలూ పెరుగుతాయి.

ఇంటి దగ్గర ఒక మొక్కను కోడి పెకలించింది. తొమ్మిది మిగిలాయి. అమ్మాయి ఎనిమిదింటి తలలు తుంచి, ఒకదాన్ని అలాగే వదిలేసింది. ఆ ఒక్కటే అన్నిటికన్నా ముందు పూసింది. "చూశారా!" అని అది నన్ను దెప్పింది కూడా. కాని సంక్రాంతి వచ్చేసరికి దానికి ఏడు పూలుంటే, తల తుంచినవాటిలో ఒక్కొక్కదానికి పదిహేనుకు తక్కువ లేవు. ఆ ఏడు మా గొబ్బెమ్మలకే కాక పక్కింటివాళ్ళ గొబ్బెమ్మలకు కూడా మా వాకిటి పూలే పెట్టారు.

మీకొక వింత చెప్పనా? మనం ఇంతగా మనదనుకునే బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. 1492లో కొలంబస్ అమెరికా ఖండం చేరిన తరువాతనే అది సముద్రాలు దాటి మన దేశానికి వచ్చింది.

బంతిమొక్క ఆయుష్షు కొద్ది నెలలే. అయినా దాన్ని మళ్ళీ కొననక్కరలేదు. చెట్టు మీదనే బాగా ఎండిన పువ్వును కోసి రేకలు పట్టి లాగితే, నల్లని సూదుల్లాంటి విత్తనాలు వస్తాయి. వాటిని నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచుకోవాలి. సంకరజాతి మొక్కల విత్తనాలైతే వాటి పూలు తల్లిని పూర్తిగా పోలకపోవచ్చు. అయినా వాకిలికి అందం తగ్గదు.

ఈ ఏడు మా అమ్మాయి అటువంటి పొట్లం ఒకటి పట్టుకుపోయి మామ్మగారికి ఇచ్చింది. ఆ తోటలో విత్తనాలకు కొరతా? అయినా ఆమె నవ్వి, పొట్లాన్ని కొంగున ముడివేసుకున్నది.

మీరు కూడా కడియం వెళితే, పూలను కళ్ళారా చూడండి. కొనేటప్పుడు మాత్రం ఆకు తిప్పి, సంచి అడుగు చూసి కొనండి.